పది మార్కుల ప్రధానం

నాకు కోతలు కోయడం వచ్చు కాబట్టి ఎదుటివాడి కోతలు పట్టడం కూడా వచ్చునని మా చెల్లెలు దయామణి నమ్మకం. మొన్న అక్టోబరు నెలాఖరులో ఓ మంగళవారం పొద్దున్నే బందరు నుంచి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నువ్వోసారి రావాలి. గుడివాడలో ఒక మనిషి ఉన్నాడు. అతను మోసగాడా కాదా తేల్చాలి."

"పోలీసులు లేరా?"

"వాళ్లకి సాక్ష్యం కావాలి. నువ్వైతే మొహం చూసి చెప్పేస్తావు. అలాంటి మొహాన్ని రోజూ అద్దంలో చూస్తున్నావుగా."

కృత్తివెన్నులో ఒంటి మనిషిని. కాదనడానికి కారణం వెతికాను గానీ దొరకలేదు. బస్సెక్కాను.

సంగతి ఏమిటంటే, దయామణి కొడుకు శ్యాంబాబుకి అవనిగడ్డలో నర్సుగా చేస్తున్న జెస్సీతో జూన్‌లో ప్రధానం అయ్యింది. మా సంఘాల్లో ప్రధానం అంటే చిన్న సంగతి కాదు. పాస్టరు గారి ఎదుట, రెండు వైపుల పెద్దల ఎదుట నిలబడి, బైబిళ్లూ ఉంగరాలూ మార్చుకుని మాట ఇచ్చుకోవడం. ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నవాళ్లని నా డెబ్భై నాలుగేళ్లలో ఇద్దరినే చూశాను. ఇద్దరూ ఊరు మారిపోయారు.

ఆ జెస్సీ ప్రధానానికి ముందే ఆస్ట్రేలియాకి దరఖాస్తు పెట్టుకుని ఉంది. ఆ దేశపు ప్రభుత్వం వయసుకి ఇన్ని, ఇంగ్లీషుకి ఇన్ని, చదువుకి ఇన్ని, అనుభవానికి ఇన్ని అని మార్కులు వేసి, ఎక్కువ వచ్చినవాళ్లని విడతలవారీగా రమ్మని పిలుస్తుందట. పెళ్లికాని వాళ్లకి పది మార్కులు అదనం. పెళ్లయ్యాక, మొగుడికి ఇంగ్లీషు రాకపోతే ఆ పదీ పోతాయి. మా శ్యాంబాబు రొయ్యల ల్యాబులో చెరువుల నీళ్లు పరీక్ష చేస్తాడు. వాడి ఇంగ్లీషు రొయ్యల రోగాల పేర్ల దగ్గర ఆగిపోయింది. అందుకని ముందు పిలుపు, తర్వాత పెళ్లి అనుకున్నారు. పిలుపు వచ్చాక పెళ్లాడితే మొగుడినీ వెంట తీసుకెళ్లవచ్చట.

పిలుపు ఎప్పుడొస్తుందో ముందే చెప్పే మనిషే ఆ గుడివాడ ఆత్రేయ. సెప్టెంబరు విడతలో ఎనభై అయిదు మార్కుల నర్సుల్ని పిలుస్తారని ఆయన జులైలోనే ఫోన్లో వీడియో పెట్టాడు. జెస్సీకి సరిగ్గా ఎనభై అయిదు. ఆ మాట మీద పెళ్లి అక్టోబరు మొదటి వారానికి ఖాయం చేశారు. ఆగస్టులో మూడు ఆదివారాలు పాస్టరు గారు గుళ్లో పెళ్లి ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని మూడుసార్లూ అడిగారు. ఎవరికీ లేదు. సెప్టెంబరులో ఆత్రేయ చెప్పినట్టే ఎనభై అయిదు వాళ్లని పిలిచారు. జెస్సీని పిలవలేదు. పెళ్లి ఆగింది. మూడు నెలలు దాటితే చదివిన ప్రకటన చెల్లదు, మళ్లీ మొదటి నుంచి చదివించాలి.

"ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడుతున్నారు," అంది దయామణి నాకు కాఫీ ఇస్తూ. "అతనన్నా ఆడుతుండాలి, ఆ పిల్లన్నా ఆడుతుండాలి."

"ఆ పిల్ల ఎందుకాడుతుందే?"

"పిలుపు వచ్చే ఉంటుంది. దాచింది. వీసా చేతికొచ్చాక వీణ్ణి ఇక్కడే వదిలేసి విమానం ఎక్కుతుంది."

శ్యాంబాబు అక్కడే ఉన్నాడు. కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

"ఆదివారం మళ్లీ ప్రకటన మొదలెట్టాలంటే శనివారం సాయంత్రానికి పాస్టరు గారికి చీటీ వెళ్లాలి," అంది దయామణి. "ఆలోగా నిజం తేలితే తేదీ రాసి పంపుతాను. తేలకపోతే ఆ పిల్ల ఉంగరం, బైబిలు ఆ పిల్లకి పంపేస్తాను. గుళ్లో ప్రతివారం 'ఏమైందండీ, ఏమైందండీ' అని అడుగుతుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

బుధవారం పాసింజరు రైల్లో గుడివాడ వెళ్లాను. పెడన దాటినప్పటి నుంచి ఆత్రేయని ఎలా పట్టాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. అతను ఫీజు తీసుకోడని శ్యాంబాబు చెప్పాడు. అక్కడే నాకు అనుమానం పెరిగింది. ఊరికే చెప్పేవాడు ఏదో ఒకటి అమ్ముతాడు. మొదటిరోజు కాకపోతే పదో రోజు.

మేడ మీద రెండు గదుల ఇల్లు. బయట బోర్డు లేదు. లోపల విమానం బొమ్మ లేదు, కంగారూ బొమ్మ లేదు. ఆత్రేయకి నలభై లోపే ఉంటాయి. డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాడట. వాళ్ల నాన్నగారు గణాంక శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారట.

"ఆహా, పొలంలో తాడు కట్టి, ఆ ముక్క కోసి తూచి, మండలం మొత్తానికి ఎకరానికి ఎన్ని బస్తాలో చెప్పేవాళ్లా?" అన్నాను.

"వాళ్లేనండి."

"మా ఊరొచ్చినప్పుడు తాడు ఎప్పుడూ గట్టు పక్కనే కట్టేవారు. లోపలికి దిగితే ప్యాంటుకి బురద అవుతుందని."

ఆయన నవ్వాడు. "మా నాన్న పంచె కట్టుకునేవారండి. ఆయన లోపలికే దిగేవారు."

మొదటి దెబ్బ తగల్లేదు. రెండో ఎత్తు వేశాను. నేను పాతికేళ్లు కృత్తివెన్ను చెరువుల్లో రొయ్యల లెక్క చూశాను, నాలుగు మూలలా నడిమధ్యా వల విసిరి పడ్డవి లెక్కపెట్టి చెరువులో ఎన్ని టన్నులున్నాయో చెప్పేవాణ్ణి అని మొదలుపెట్టి, ఇలా అన్నాను.

"ఓ ఏడు వల తడిసిందని, లుంగీ కూడా తడిసిందని, గట్టు మీద తీగ కనపడితే ఆరేశానండి. కాసేపటికి తీగ నడిచింది. చూస్తే అది తీగ కాదు, రొయ్య మీసం. నా లుంగీతో సహా చెరువులోకి వెళ్లిపోయింది."

అబద్ధాలవాడికి ఇంకో అబద్ధం చెబితే రెండింతలు చేసి తిరిగిస్తాడు. నా పరీక్ష అది. ఆత్రేయ కాగితం తీసుకున్నాడు.

"లుంగీ పొడవు ఎంతండి?"

"రెండు గజాలు."

"అంటే మీసం కనీసం రెండు గజాలు. రొయ్య ఎంత ఉంది?"

"అది నీళ్లలోనే ఉంది. బయటికి రాలేదు."

"అయితే కనిపించినంతవరకే చెప్పగలం. నా పనీ అంతేనండి."

నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. మనిషి మోసగాడైనా మర్యాద తెలిసినవాడు.

అప్పుడు కంప్యూటరు తిప్పి చూపించాడు. ఆ ప్రభుత్వం నెలనెలా పట్టిక వేస్తుంది. ఏ వృత్తిలో, ఏ మార్కు దగ్గర ఎంతమంది నిలబడి ఉన్నారో, పోయిన విడతలో ఎంతమందిని పిలిచారో అందులో ఉంటుంది. ఏడాదికి ఇంతమంది అని ముందే ప్రకటిస్తారు. పిలిచినవాళ్లని తీసేస్తే మిగిలింది ఎంత, మిగిలిన నెలలెన్ని, పై వరసలో ఉన్నదెందరు. ఇవన్నీ చూసి ఈ విడత ఏ మెట్టు దాకా దిగుతుందో అంచనా కడతాడు. ఎప్పుడూ ఒకే అంకె చెప్పడు, నూటికి ఇంత అని చెప్తాడు.

"నూటికి అనడం తప్పించుకోవడానికా?"

"తప్పించుకోవాలంటే వీడియో తీసేస్తానండి. తప్పినవి కూడా అలాగే ఉంచాను, చూడండి."

చూశాను. మొన్న ఫిబ్రవరిలో తప్పాడు. ఆ ముందు నవంబరులో తప్పాడు. కింద జనం తిట్టిన తిట్లు కూడా అలాగే ఉన్నాయి. నేనైతే తిట్లు ముందు తీసేసేవాణ్ణి.

"మరి సెప్టెంబరులో మా పిల్లకి ఎందుకు రాలేదు?"

ఆయన ముఖం మారింది. ఎదురుచూస్తున్న ప్రశ్న అనుకుంటాను.

"నా వీడియోలు చూసేవాళ్ల గ్రూపులో ఎనభై అయిదు అని చెప్పిన నర్సులు ముప్ఫై ఒక్కమంది ఉన్నారండి. ఇరవై తొమ్మిది మందికి పిలుపు వచ్చింది. ఒకావిడ ఇంగ్లీషు పరీక్ష గడువు దాటిపోయింది, అందుకని రాలేదు. మిగిలింది మీ జెస్సీ గారు. నా లెక్క తప్పితే అందరికీ తప్పాలి. ఒక్కరికే తప్పితే..." అని ఆగాడు.

"చెప్పండి."

"ఆవిడది ఎనభై అయిదు కాదేమో. మార్కులన్నీ వరసగా కనిపించే పేజీ ఫొటో పంపమని రెండుసార్లు అడిగాను. పంపలేదు."

చెరువు మొత్తం బాగుండి ఒక్క రొయ్య తేలితే చెరువు ఖాళీ చేయించం. ఆ రొయ్యని తీసి చూస్తాం. నాకు ఆ మాట లోపల అర్థమైంది, కానీ పైకి అనలేదు. ఆత్రేయ మీద పెట్టుకున్న అనుమానాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, అలాగే జెస్సీ మీదికి మార్చి రైలెక్కాను.

గురువారం శ్యాంబాబు బండి మీద అవనిగడ్డ బయల్దేరాం. చల్లపల్లి దాటాం. మోపిదేవి దగ్గర గుడికి వచ్చిన బస్సులు రోడ్డుకి అడ్డంగా ఉంటే బండి ఆపి అప్పుడన్నాడు.

"మావయ్యా, పిలుపు రాకపోయినా నాకేం ఫరవాలేదు."

"ఆ మాట ఆ పిల్లతో చెప్పావా?"

"చెప్తే వెళ్లొద్దన్నట్టు వినిపిస్తుందని చెప్పలేదు."

"దాచిందేమోనని మీ అమ్మ అంటోందిరా."

వాడు బస్సు వెనక రాసిన అక్షరాలు చదువుతున్నట్టు చూస్తూ ఉండిపోయాడు. వాడికీ ఎక్కడో ఆ ముల్లు ఉంది. లేకపోతే కాదనేవాడు.

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో టీ కొట్టు. జెస్సీ డ్యూటీ మధ్యలో వచ్చింది. ఎత్తుగా, సన్నగా, నవ్వితే ఒక పక్కే నవ్వే పిల్ల. ఆ రోజు ఏ పక్కా నవ్వలేదు.

"రండి మావయ్య గారూ. ఎంక్వయిరీకా?"

"టీకమ్మా."

"టీ బందరులో దొరకదా అండీ?"

దెబ్బకి దెబ్బ. నాకు నచ్చింది. ఎనభై అయిదు సంగతి అడిగితే బ్యాగులోంచి ప్రధానంలో శ్యాంబాబు ఇచ్చిన బైబిలు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి చూపించింది. ఉంది, ఎనభై అయిదు. కింద తేదీ మార్చిది.

"ఇది మార్చి కాగితం. ఇవాళ్టిది ఫోన్లో చూపించు."

"ఇదే అండీ. మారదు."

"మారకపోతే చూపించడానికేం?"

ఆ పిల్ల ఫోను రెండు చేతులతో పట్టుకుంది. చూపించలేదు. నేను శ్యాంబాబు వైపు చూశాను. వాడు నేల వైపు చూస్తున్నాడు. దయామణి చెప్పిందే నిజమేమో అనిపించింది.

"పిలుపు మెయిలుకే వస్తుందని నెలల తరబడి అది తెరవలేదండీ," అంది జెస్సీ. "సెప్టెంబరు తర్వాత ఆ పేజీ తలుచుకుంటేనే ఏడుపొస్తుంది. డ్యూటీలో ఏడిస్తే పేషెంట్లు భయపడతారు."

"నేను పేషెంటుని కాదు. తెరువు."

తెరిచింది. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి వెళ్లింది. నేను రొయ్యలు లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటీ పైకి చదవమన్నాను.

"వయసు ముప్ఫై. ఇంగ్లీషు ఇరవై. చదువు పదిహేను. అనుభవం పది." అక్కడ ఆగింది. మళ్లీ చదివింది. "భాగస్వామి... సున్నా."

మొత్తం డెబ్భై అయిదు.

జెస్సీ మొహంలో రక్తం లేదు. నటన అయితే అంత బాగా చేసేవాళ్లని నేను చూడలేదు, నేనే చేయలేను.

"అక్కడ పది ఉండాలిగా?" అన్నాను. "పెళ్లి కాలేదుగా?"

"జూన్‌లో మార్చానండీ," అంది చాలా నెమ్మదిగా. "పరిస్థితి ఏదైనా మారితే వెంటనే రాయాలని అక్కడ ఉంటుంది. ప్రధానం అయిన మర్నాడు కూర్చుని, భాగస్వామి ఉన్నారా అన్నచోట ఉన్నారు అని పెట్టాను. మార్కులు దానంతట అదే తిరిగి లెక్క వేసుకుంటుందని నాకు తెలియదు."

"పెళ్లయ్యిందా అని కదా దాని అర్థం."

"మరి లేరు అని ఎలా పెట్టనండీ? పాస్టరు గారి ముందు, మీ అందరి ముందు నిలబడ్డాక?"

శ్యాంబాబు తల ఎత్తాడు. నేను టీ చల్లారిందని వంక పెట్టి ఇంకోటి తేవడానికి లేచాను. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసని చెప్పినా మీరు నమ్మరు.

శనివారం మధ్యాహ్నం దయామణి పెరటి గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. పాస్టరు గారికి పంపాల్సిన చీటీ బల్ల మీద తెల్లగా ఉంది, దాని మీద కళ్లజోడు పెట్టింది. పక్కనే గుడ్డలో చుట్టి ఉన్నది జెస్సీ బైబిలని నాకు తెలుసు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క ముక్క కూడా కలపలేదు. నా జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ ఏదీ చెప్పలేదు.

"బాగుంది," అంది దయామణి రొయ్య తల తుంచుతూ. "లుంగీ కథ కంటే బాగుంది. ఆ పిల్ల నేర్పిందా, నువ్వే కట్టావా?"

"నిజమేనే."

"నువ్వు నిజమేనే అన్నప్పుడల్లా నేను పదికి రెండు తీసుకుంటాను. అలవాటైపోయింది."

డెబ్భై నాలుగేళ్లు చెప్పిన కోతలన్నీ ఒక్కసారి నా ముందు బారు తీరి నిలబడ్డాయి. ఆ రోజు వాటిలో ఒక్కటీ నాకు నవ్వు తెప్పించలేదు.

అదృష్టం కొద్దీ జెస్సీ, శ్యాంబాబు అప్పుడే వచ్చారు. జెస్సీ యూనిఫాంలోనే వచ్చింది. వచ్చీ రాగానే చెప్పులు విప్పి దయామణి పక్కన కింద కూర్చుని ఫోను తెరిచి ముందు పెట్టింది. అందులో ఏ రోజు ఏం మార్చారో తేదీలతో సహా ఉంటుందట. మార్చిలో ఎనభై అయిదు. జూన్‌లో, ప్రధానం మర్నాడు, పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకి, డెబ్భై అయిదు.

దయామణి చేతులు కొంగుకి తుడుచుకుంది. కళ్లజోడు పెట్టుకుని ఆ తేదీ చూసింది. తర్వాత గోడ మీద క్యాలెండరు దగ్గరకి వెళ్లి వెనక్కి తిప్పి చూసి వచ్చింది. మా చెల్లెలు అంత తేలికగా నమ్మే మనిషి కాదు.

"పొద్దున్నే ఆరున్నరకి లేచి రాశావా?"

"ఆ రోజు నిద్ర పట్టలేదు అత్తయ్య గారూ."

దయామణి శ్యాంబాబు వైపు తిరిగి అంది. "నీ పేరు రాసి పది మార్కులు పోగొట్టుకుంది. నువ్వు దానికోసం ఇంగ్లీషులో పది ముక్కలన్నా నేర్చుకున్నావట్రా?"

"నేర్చుకుంటున్నానమ్మా."

"ఏవీ, రెండు చెప్పు."

వాడు మళ్లీ వరండాలోకి వెళ్లాడు.

నేను ఆత్రేయకి ఫోన్ కలిపి అందరికీ వినపడేలా పెట్టాను. ఆయన సంగతంతా విన్నాడు. తర్వాత అన్నాడు. "పెళ్లి అయ్యేదాకా, లేదా ఒక ఇంట్లో కాపురం ఉండేదాకా, అక్కడి లెక్కలో ఆవిడ ఒంటరి మనిషేనండి. ఉన్నారు అన్నది పొరపాటు. దిద్దుకోవచ్చు. కాకపోతే దిద్దిన రోజు నుంచి ఎనభై అయిదు వరసలో చివర నిలబడాలి."

"చివర ఉంటే పిలుస్తారా బాబూ?" అంది దయామణి.

"నవంబరు మూడోవారంలో విడత ఉంటుందని నా అంచనా. వరస చివరి దాకా రావడానికి నూటికి అరవై పాళ్లు అవకాశం ఉందండి."

"మిగతా నలభై?"

"రాదండి."

దయామణి నా వైపు చూసింది. "నలభై దాచకుండా చెప్పాడు. ఇతను మోసగాడు కాదు అన్నయ్యా. ఈ మాట తేల్చడానికి నువ్వు గుడివాడ దాకా వెళ్లావా?"

ఇక దిద్దడం మిగిలింది. జెస్సీ ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లింది. వేలు పైన పెట్టి ఆగిపోయింది.

"నేను లేరు అని నొక్కలేనండీ. పొరపాటే కావచ్చు. నా చేత్తో కాదు."

శ్యాంబాబుని పిలిచింది. వాడు నా వల్ల కూడా కాదన్నాడు. నన్ను నొక్కమంటారేమోనని నేను రొయ్యల గిన్నె లోపల పెట్టడానికి లేచాను.

"ఎక్కడ నొక్కాలి?" అంది దయామణి.

"అత్తయ్య గారూ..."

"వాళ్లు అడిగేది పెళ్లి సంగతి. ప్రధానం సంగతి వాళ్లు అడగలేదు, మనం చెప్పక్కర్లేదు. అది మన గుళ్లో రాసి ఉంది. ఎక్కడ నొక్కాలో చూపించు."

చూపించింది. దయామణి నొక్కింది. రొయ్యల తడికి వేలు పట్టలేదు. కొంగుకి తుడుచుకుని మళ్లీ నొక్కింది. ఖాయమేనా అని అడిగింది ఫోను. నొక్కింది. నిజంగా ఖాయమేనా అని ఇంకోసారి అడిగింది.

"మన పాస్టరు గారిలాగే ఉందే ఇదీ. మూడుసార్లు అడిగితే గానీ వదలదు," అని మూడోసారి నొక్కింది.

ఎనభై అయిదు పడింది.

దయామణి ఫోను జెస్సీకిచ్చి, చీటీ ముందుకి లాక్కుని, నాలుక చివర పళ్ల మధ్య పెట్టుకుని నెమ్మదిగా రాసింది. శ్యాంబాబు, జెస్సీ, పెళ్లి డిసెంబరు మొదటి శుక్రవారం. రాసి నా చేతిలో పెట్టింది, పాస్టరు గారికి ఇచ్చి రమ్మని.

"నవంబరులో పిలుపు రాకపోతే?" అన్నాను.

"ఏం, డెబ్భై అయిదు మార్కులతో కాపురం చేయలేరా?" అంది దయామణి. "మేం ఎన్నింటితో చేశాం?"

తర్వాత దయామణి, జెస్సీ బైబిలు మీది గుడ్డ విప్పి, ఆ గుడ్డతోనే బల్ల తుడిచింది. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"అన్నయ్యా, తేదీ అడిగితే చీటీ చూపించు. నోటితో చెప్పకు. నమ్మరు."